గీకిన ఆల్చిప్పలు

టోపీకి నిలువుగా గుచ్చిన వెదురుపుల్ల కొస మీదికి తారా పిట్ట ఇంకోసారి దూకింది. రిపెకా తల ఎత్తలేదు. గుప్పెడంత ఆ సముద్రపు పిట్ట ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తుంది. పుల్ల ఉన్నంతసేపూ నెత్తికి భయం లేదు. టోపీ అంచు మీదినుంచి చెంప మీదికి జారుతున్న రెట్టను భుజంతో తుడుచుకుని, ఇసుక నింపిన సంచుల మీద మరో సంచి సర్ది, దాని మీద ఇసుక పోసి, నడుమ పిడికిలితో చిన్న గుంట చేసింది. పెద్ద రేగుపండంత ఉన్న మచ్చల గుడ్డును రెండు వేళ్ళతో ఎత్తి అందులో పెట్టింది.

నోట్లో పాట నడుస్తూనే ఉంది. చర్చిలో వాళ్ళమ్మ పాడే పాట, రెండు చరణాలు. రెండో చరణం ముగిసేలోగా గూటి దగ్గర్నుంచి లేచిపోవాలి. అంతకు మించితే జనవరి ఎండకు గుడ్డు ఉడికిపోతుంది; ఈ దక్షిణపు దేశంలో జనవరే నడివేసవి.

మేనల్లుడు రావిరి పొద్దున పడవలో దించిపోయిన గోనెలోంచి ఆల్చిప్పలు దోసిళ్ళతో తీసి గుంట చుట్టూ చల్లింది. తెల్లగా చిప్పలు పరిచి ఉంటేగాని తారా పిట్ట గూటిని తనదనుకోదు. వట్టి ఇసుక మీద గుడ్డు ఉన్నా, పైనే తిరిగి తిరిగి వెళ్ళిపోతుంది. పని ముగించి, చేతులూ మోకాళ్ళూ ఆనించి లేచి, వంగిన నడుంతోనే వెనక్కి నడిచింది. కొట్టుకొచ్చిన పాత దుంగ దాకా వచ్చేసరికి ఊపిరి అందలేదు. దుంగకు చేరగిలబడి, ఒక కన్ను మసకబారిన దుర్భిణి ఎత్తి చూసింది.

పిట్ట పైనే తిరుగుతోంది.

రేవు నోటికి అడ్డంగా సాగిన ఈ ఇసుకదిబ్బను ఊళ్ళో అందరూ నాలుక అంటారు. ఇటు రేవు, అటు సముద్రం. ఈ వేసవిలో నాలుక మీద గూళ్ళన్నీ కిందటి వారం గాలివానకు పోయాయి. మిగిలింది ఈ ఒక్క గూడు, అందులో ఈ ఒక్క గుడ్డు. సాయంత్రం ఏడాదిలోకెల్లా పెద్ద పోటు రాబోతోంది. తోడుగా తూర్పుగాలి. నిన్నంతా, ఇవాళ పొద్దున్నుంచీ గూటిని సంచి మీద సంచిగా ఎత్తుతూ వచ్చింది. ఒక్కసారిగా ఎత్తితే పిట్ట భయపడుతుంది. ఇదే ఆఖరి సంచి. ఇక పిట్ట వచ్చి కూర్చోవడమే మిగిలింది.

రిపెకా ముఖం తుడుచుకోబోయి ఆగిపోయింది. చేతులు వాసన చూసుకుంది.

పదిహేనో ఏట ఆల్చిప్పల షెడ్డులో కత్తి పట్టింది. అరవై రెండు నిండాయి. చలికాలం పొద్దుటిపూట, రబ్బరు జోళ్ళలో కాళ్ళు కొయ్యబారిపోతుంటే, చిప్ప మూతి సందున కత్తి దూర్చి మెలితిప్పడం, కండ కోయడం, మూత విసరడం. ఆమె వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా అయిపోయాయి. చిప్ప ఎండిందో పచ్చిగా ఉందో చెప్పడానికి ఆమెకు కళ్ళు అక్కర్లేదు.

నడుముకున్న రేడియో తీసింది.

"రావిరీ, గోనె ఎక్కణ్ణించి నింపావురా?"

"కుప్పలోంచే అత్తా."

"కుప్పకి రెండు కొసలున్నాయి."

రావిరి పడవ ఇంజను ఆపేశాడు.

"అవతలి కొసకి ట్రాక్టర్ అడ్డంగా పెట్టారు. తాళం ఎవడి దగ్గరుందో తెలీలేదు. ఇవతల్నించే తోడేశా. అవీ తెల్లగానే ఉన్నాయి కదా."

"తెల్లగా ఉన్నాయిరా. క్రిస్మస్ గిరాకీకి షెడ్డుకెళ్ళి నేను విప్పినవే. మూతలకి కండ ఇంకా అంటుకునే ఉంది. ఆ కంపు నాకే తెలుస్తోంది, సీగళ్ళకి తెలీదా?"

"తప్పయిపోయింది అత్తా. వచ్చి తీసేయనా?"

"నువ్వు పడవేసుకొస్తే ఆ ఉన్న ఒక్క పిట్టా పోతుంది. అక్కడే ఉండు."

షెడ్డు వెనక చిప్పల కుప్పలో పాత కొస ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి సున్నంలా తేలి ఉంటుంది. గూళ్ళకు ఆ కొస చిప్పలే వాడతారు. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడికైనా తెలిసిన సంగతే. రావిరికీ తెలుసు. కాని రెండు కొసలూ దూరం నుంచి ఒకేలా మెరుస్తాయి.

మొదటి సీగల్ అప్పటికే వచ్చింది. నల్లవీపుది, బాతంత ఉంది; కండకని వచ్చి గుడ్డునూ మింగేసే సముద్రపక్షి. గూటికి కాస్త దూరంలో దిగి, తొందరేమీ లేనట్టు ఇసుకలో అటూ ఇటూ నడుస్తోంది.

రేడియో మళ్ళీ గరగరమంది. ఈసారి చెల్లెలు మీరియా.

"అక్కా, జెట్టీ దగ్గర కారులో కూచుని ఉడికిపోతున్నా. ఆస్పత్రికి ఇవాళ నీ వంతు. గుర్తుందా లేదా?"

"పోటు కూడా ఇవాళే."

"పోటు మళ్ళీ వస్తుంది. ఆ డాక్టర్ మళ్ళీ రమ్మంటాడో లేదో. నీ కాళ్ళు చూసుకున్నావా? చీలమండలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి."

"రేపొస్తానని చెప్పు."

"రేపు రేపని నెల్లాళ్ళయింది. అవతలి గట్టు మీద ఆక్లాండ్ వాళ్ళు మూడుకాళ్ళ దుర్భిణులు పెట్టుకుని నిలబడ్డారు, చూస్తున్నావా? పిట్ట కోసం వచ్చినవాళ్ళు పొద్దున్నించీ నీ పిరుదులే చూస్తున్నారు పాపం."

రిపెకాకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"చూడనీ. అవీ ఈ రేవులో పుట్టినవే," అని రేడియో నడుముకు తగిలించింది.

పెళ్ళయితే ఒకప్పుడు అయింది. అతను చేపల ఓడ మీద దక్షిణానికి వెళ్ళాడు. చచ్చిపోలేదు, తిరిగి రాలేదంతే. అన్న పోయాక అతని కొడుకు రావిరిని ఈమే సాకింది. ఒక ఏడాది షెడ్డు చిప్పలు పిట్టల గూళ్ళకు కావాలని ఎవరో అడిగితే, తాను విప్పిన చిప్పలు ఎక్కడికి పోతున్నాయో చూద్దామని పడవెక్కింది. ఆ తెల్లటి చిప్పల మధ్య, చిప్పముక్కకూ దానికీ తేడా తెలియకుండా ఒక పిల్లపిట్ట కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. తర్వాత ప్రతి వేసవీ ఇక్కడే. చలికాలం షెడ్డు, వేసవి నాలుక. చెప్పుకోవడానికి ఆమె బతుకులో అంతకంటే ఏమీ లేదు.

రెండో సీగల్ దిగింది. మూడోది పైన తిరుగుతోంది.

పచ్చి చిప్పలు తీసెయ్యాలి. తీస్తే గూడు బోసిపోతుంది. బోసి గూట్లో పిట్ట కూర్చోదు. ఆలోచిస్తూనే గోనె భుజాన వేసుకుని, పాట అందుకుని గూటి వైపు నడిచింది. పిట్ట అరుస్తూ వెదురుపుల్ల మీదికి దూకింది. మొదటి చరణంలో చేతికందినన్ని చిప్పలు ఏరింది. రెండో చరణం సగంలో ఊపిరి తెగి పాట ఆగిపోయింది. ఆగినచోటే లేచి వచ్చేసింది.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఆమె వెనక్కి తిరిగిన ప్రతిసారీ సీగళ్ళు ఇంత దగ్గరికి జరుగుతున్నాయి. నాలుగోసారి తిరిగి చూసేసరికి నల్లవీపుది సంచుల అంచు ఎక్కి నిలబడింది. మెడ వంచి గుంటలోకి చూస్తోంది.

అరిస్తే అది బెదరదు. పరుగెత్తే కాళ్ళు కావు. రిపెకా గోనెలోంచి కండ ఎక్కువగా అంటుకున్న చిప్పను తీసి, నడుముకున్న కత్తితో ఒక్క గీతలో కండను లేపి నీళ్ళ వైపు విసిరింది. సీగల్ తల తిప్పింది. ఇంకో ముక్క విసిరింది. అది రెక్కలు విప్పి, గూటిని వదిలి, నీటి అంచున వాలింది.

అప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు తెలిసింది.

గోనెను ఈడ్చుకుంటూ గూటికి దూరంగా, దుంగ అవతలి కొసకు చేరింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, షెడ్డులో కూర్చున్నట్టే, ఒక్కో చిప్పా తీసి గీకడం మొదలుపెట్టింది. గీకిన కండ సీగళ్ళకు. గీకిన చిప్ప ఇసుకతో రుద్ది, పక్కన కుప్ప. కత్తి పిడికి చుట్టిన గుడ్డ చెమటకు తడిసింది. సీగళ్ళు ఆమె చుట్టూ చేరాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, అరుచుకుంటూ, ఆమె మడమల దాకా వచ్చాయి.

"తినండే, తినండి. క్రిస్మస్‌నాడు మిమ్మల్ని పిలవలేదుగా," అంది.

సీగళ్ళకు పిడికెడు కండ పడేసి, ఒడి నిండా గీకిన చిప్పల్ని సముద్రంలో ముంచి కడిగి, వాసన చూసి, గూటి దగ్గరికి మోసుకెళ్ళింది. ఒక్క చరణం ముగిసేలోగా చల్లింది. మళ్ళీ దుంగ దగ్గరికి వచ్చి కూలబడింది. ఎడంచెయ్యి బరువుగా వేలాడుతోంది. దుర్భిణి కుడిచేత్తోనే ఎత్తింది.

పిట్ట దిగింది. గూటి పక్కన నిలబడి ఇటు చూసింది, అటు చూసింది. ఒక చిప్పముక్కను ముక్కుతో కాస్త జరిపింది. పిట్ట రొమ్ము ఈకలు విప్పార్చి, ఇటూ అటూ ఒరుగుతూ గుడ్డు మీద కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక పోటు మొదలైంది. నీరు ముందు రేవు వైపు నుంచి సన్నటి పాయలుగా పాకింది. దూరాన బురదలో మేస్తున్న ఉల్లంకి పిట్టలు గుంపుగా లేచి ఎత్తు ఇసుకకు చేరాయి. తూర్పుగాలి సముద్రాన్ని రెండో వైపు నుంచి తోస్తోంది.

"అత్తా, ఇప్పుడొచ్చేస్తా. కాలవ ఇంకా దాటచ్చు," అన్నాడు రావిరి రేడియోలో.

"ఆటు మొదలయ్యాక రా. నేను లేస్తే ఇవన్నీ అక్కడికే పోతాయి."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"నోట్లో ఇసుక."

గోనెలో చిప్పలు తగ్గుతున్నాయి. ఆమె నెమ్మదిగా గీకసాగింది. ఒక్కొక్క ముక్క చిన్నదిగా కోసి, సీగళ్ళను ఊరిస్తూ విసిరింది. నీరు దుంగ మొదలు తాకింది. ఆమె జోళ్ళు తడిశాయి. అక్కడ గూటి చుట్టూ నీళ్ళు కలిశాయి. సంచుల దిబ్బ రేవులో చిన్న లంకలా మిగిలింది. ఒక అల కింది సంచుల్ని కొట్టి, ఇంకో అల వాటి మీది సంచి అంచు దాకా ఎగబాకింది. పిట్ట లేచి నిలబడింది.

రిపెకా కత్తిని దుంగలో గుచ్చి, రెండు చేతులా దుర్భిణి పట్టుకోబోయింది. ఎడంచెయ్యి రాలేదు. ఒంటిచేతిలో దుర్భిణి ఊగుతుంటే పిట్ట కనబడుతూ మాయమవుతూ ఉంది. ఇంకో అల. చిప్పల్లో చివరి వరస తడిసి మెరిసింది. నీరు అక్కడే నిలిచింది. చాలాసేపు అక్కడే నిలిచింది. తర్వాత తడిసిన గుర్తుకీ నీటికీ మధ్య, వేలెడంత సందు కనిపించీ కనిపించకుండా బయటపడింది.

పిట్ట కూర్చుంది.

రేడియోలో రావిరికి వినిపించింది రెండే మాటలు.

"కూచునే ఉంది."

పొద్దు వాలుతుండగా అతను పడవను సముద్రం వైపు ఒడ్డుకు, గూటికి దూరంగా తెచ్చి దిగాడు. అత్త దుంగకు చేరగిలి ఉంది. టోపీ ముందుకు జారి వెదురుపుల్ల ఏటవాలుగా నిలిచింది. సీగళ్ళు ఆమె ఒడిలో ఖాళీ గోనెను పొడుస్తున్నాయి. ఆమె వాటిని అదిలించడం లేదు. అతను దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ముఖం చూసి, చేతిలో చెయ్యి పెట్టాడు. అంతే. గట్టిగా పిలవలేదు.

మీరియా ఇంకో పడవలో ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చింది. ఇసుకలో దిగి, అక్కను చూసి, రొమ్ము మీద చెయ్యేసుకుని నోరు తెరిచింది. పోయినవారిని చూసినచోటే ఏడుపు ఎత్తుకోవడం వాళ్ళ రివాజు. ఆ ఏడుపు కొండ అవతలి ఇళ్ళకూ వినపడాలి. రావిరి మాట్లాడకుండా వేలు చూపించాడు. సంచుల దిబ్బ మీద తారా పిట్ట తల ఇటు తిప్పి చూస్తోంది.

మీరియా కొంగులాంటి మెడగుడ్డను నోట్లో కుక్కుకుంది. మిగతా ఇద్దరూ పెదవులు బిగించారు. నలుగురూ కలిసి ఆమెను ఎత్తి, దగ్గర దారి వదిలి, అలల అంచున చుట్టూ తిరిగి, మెత్తటి ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే, ఒక్కరూ మూలగకుండా పడవ దాకా మోశారు. అవతలి గట్టు మీద ఆక్లాండ్ వాళ్ళు దుర్భిణులు దించేశారు. ఒకతను టోపీ తీశాడు.

"చిప్పలూ కత్తీ?" అని గుసగుసగా అడిగింది ఒకామె.

"పోయినవాళ్ళు ముట్టినవి. పాస్టర్ వచ్చి ప్రార్థన చేసేదాకా ముట్టుకోకూడదు," అన్నాడు రావిరి. "నా గోనె అది. నేనే వచ్చి తీస్తా."

పడవ కాలవ మధ్యకు చేరాక మీరియా నోట్లోంచి గుడ్డ తీసింది. ఆమె ఏడుపు నీళ్ళ మీదుగా నాలుకను చేరేసరికి, దూరాన ఏదో పక్షి అరిచినంత సన్నగా వినిపించింది. పిట్ట కదల్లేదు.

దుంగ పక్కన గీకిన ఆల్చిప్పలు తెల్లగా కుప్పపోసి ఉన్నాయి. దుంగలో గుచ్చిన కత్తి పిడికి చుట్టిన పాత గుడ్డ ఆమె గుప్పిటి ఆకారంలో నలిగి, ఇంకా తడిగానే ఉంది.