బెజవాడలో హీటరు బతుకు

నేను ఒక గది హీటర్‌ని. నవ్వకండి. ఉండేది బెజవాడలో అని చెప్పాక ఎలాగూ నవ్వుతారు, అప్పటిదాకా ఆగండి.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాన, కొండ ఊళ్ళకు దగ్గరగా ఉన్న ఫ్యాక్టరీలో. రెండు రాడ్లు, వాటి వెనక మిలమిలలాడే రేకు, పక్కన తిప్పే మీట. ఇదీ నా ఒళ్ళు. నాతోపాటు తయారైనవాళ్ళంతా మంచు కురిసే ఊళ్ళకు పోయి దర్జాగా బతుకుతున్నారు. నన్నూ, నా ముగ్గురు తమ్ముళ్ళనూ మాత్రం ఎవడో నిద్రమొహంవాడు బెజవాడ లారీ ఎక్కించాడు. గవర్నరుపేటలో చలమయ్యగారి ఎలక్ట్రికల్ షాపులో దిగాం. ఆయన తెప్పించుకున్నది ఎయిర్ కూలర్లు. అట్టపెట్టె విప్పి, నా వంక చూసి, నుదుటి మీది చెమట తుడుచుకుని, "ఖర్మ" అన్నారు. నేను విన్న మొదటి తెలుగు మాట అదే.

తిప్పి పంపితే లారీ కిరాయి దండగని మమ్మల్ని అలాగే ఉంచేశారు. రోహిణి కార్తెలో ఫ్యాన్లు కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఏం చలమయ్యా, పైనున్న సూర్యుడు చాలట్లేదా?" అని ఇకిలించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ప్లగ్గు పెట్టనివాడికి ఒళ్ళు మండితే ఎవరికి తెలుస్తుంది? కొన్నాళ్ళు నా నెత్తిన దేవుడి పటం ఉండేది, కొన్నాళ్ళు చలమయ్యగారి మజ్జిగ చెంబు.

అలా ఉండగా ప్రసూన అనే అమ్మాయి షాపుకొచ్చింది. "గదిలో పెట్టుకునే హీటర్లున్నాయా అండీ?" అని అడిగింది. చలమయ్యగారు ముందు ఆ అమ్మాయి మొహం చూశారు, తరవాత బయట ఎండ చూశారు, ఆ తరవాత కుర్చీ తుడిచి కూర్చోబెట్టి కూల్ డ్రింకు తెప్పించారు. మా నలుగుర్నీ ఆటో ఎక్కించాక ఆయన దేవుడి పటానికి చేతులెత్తి మొక్కడం నా కళ్ళారా చూశాను.

ప్రసూన మొగల్రాజపురంలో ఒక మేడ మీద హాట్ యోగా నేర్పుతుంది. అంటే ఏమీ లేదు. కిటికీలు బిడాయించి, నాలుగు మూలలా మమ్మల్ని వెలిగించి, ఆ కొలిమిలో మనుషుల్ని వంచడం. దానికి వాళ్ళు డబ్బు కూడా కడతారు. ఎండకు భయపడి ఏసీ కారులో వచ్చి, చెమట పట్టడం కోసం మేడ ఎక్కుతారు. ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్విన జాతి ఇదేనా అనుకున్నాను.

మొదట ఆ అమ్మాయి 'రోజూ హాట్ యోగా చాలెంజ్' అని బోర్డు పెట్టింది. ఒక్కరూ రాలేదు. వాళ్ళమ్మ చూసి, "చాలెంజంటే ఎవరొస్తారే? దీక్ష అను" అంది. అంతే, బోర్డు మారింది. మండల దీక్ష. ఒక్కరోజు మానినా, మధ్యలో లేచి బయటికెళ్ళినా మళ్ళీ మొదటి రోజు నుంచి. చాలెంజంటే కదలనివాళ్ళు దీక్ష అనగానే చెప్పులు విడిచి లోపలికొచ్చారు. ఒకాయన నల్లబట్టలు కట్టుకోవాలా అని అడిగాడు. ఇంకొకావిడ ఉల్లిపాయ తినొచ్చా అని కనుక్కుంది.

ఎందుకొచ్చారని ఎవర్నడిగినా ఆరోగ్యం కోసమనే చెప్పేవారు. మూలన కూర్చుని చూసేవాణ్ణి, నాకు తెలియదా? ఒకావిడ పెళ్ళినాటి జాకెట్టు మళ్ళీ పట్టాలని వచ్చింది. ఒక కుర్రాడు ముందు వరసలో అమ్మాయి ఉందని వచ్చాడు. ఇంకొకాయనకు ఆ గంటసేపూ ఇంట్లో కూరలు తరిగే పని తప్పుతుంది. నా పక్కన చాపలు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు మాత్రం పంతం కొద్దీ వచ్చారు.

వాళ్ళు వియ్యంకులు. పిల్ల తండ్రి పిచ్చేశ్వరరావుగారు, వన్‌టౌన్‌లో చీరల కొట్టు ఆయనది. పిల్లవాడి తండ్రి నాంచారయ్యగారు, బందరులో ఆర్టీసీ ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు బెజవాడలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇద్దరికీ ఏడాది పైన మాటల్లేవు. కారణం వింటే మీరు నమ్మరు. వేణ్ణీళ్ళు.

పెళ్ళి వైశాఖంలో, నడి ఎండల్లో జరిగింది. మధ్యాహ్నం బందరు నుంచి బస్సు దిగిన నాంచారయ్యగారు విడిదింట్లో స్నానానికి వేణ్ణీళ్ళు అడిగారు. పిచ్చేశ్వరరావుగారు హడావుడిలో ఉండి, "బెజవాడలో వేణ్ణీళ్ళు కాచాలా బావగారూ! కుళాయి తిప్పుకోండి" అన్నారు. పక్కనున్నవాళ్ళు గొల్లున నవ్వారు. మగపెళ్ళివారికి వేణ్ణీళ్ళు పెట్టకపోగా వెటకారమా అని నాంచారయ్యగారు అలిగి, తలంబ్రాలు కాగానే మెతుకు ముట్టకుండా బస్సెక్కేశారు. తిన్నగా చెప్పాననుకుని ఈయనా, అవమానించాడనుకుని ఆయనా అలాగే ఉండిపోయారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ.

ఇప్పుడు కూతురు మైత్రికి ఏడో నెల. శ్రీమంతం చెయ్యాలి. "మా నాన్నా, మామగారూ పక్కపక్కన నిలబడి అక్షింతలు వేస్తేనే పీటల మీద కూర్చుంటాను. లేకపోతే శ్రీమంతమే వద్దు" అని ఆ పిల్ల భీష్మించింది. ఇదంతా నాకెలా తెలుసంటే, మైత్రీ ప్రసూనా స్నేహితురాళ్ళు. క్లాసయ్యాక చాపలు సర్దుతూ స్పీకర్ ఫోన్లో మాట్లాడుకునేవారు. పెద్దవాళ్ళిద్దర్నీ ఇక్కడికి చేర్చింది కూడా మైత్రే. ఎలా చేర్చిందో అప్పటికి నాకూ తెలియదు.

మొదటిరోజు ఒకర్నొకరు చూసుకుని ఇద్దరూ గుమ్మంలో ఆగిపోయారు. ముందు వెనక్కి తిరిగినవాడు ఓడినట్టేగా. అందుకని ఇద్దరూ లోపలికే వచ్చారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, కింద పడ్డ కళ్ళజోడు తీసుకోవడానికే మూలిగే మనుషులు పాదాలు పట్టుకోవడానికి వంగారు. ప్రసూన చాలనేది. ఒకాయన ఇంకా వంగి ఉన్నారని రెండో ఆయన లేచేవారు కాదు.

కొన్నాళ్ళకు వాళ్ళ కళ్ళు నా మీద పడ్డాయి. పిచ్చేశ్వరరావుగారు చెయ్యి చాచే ఆసనంలో, ఏమీ ఎరగనట్టు నా మీట ఒక మెట్టు పెంచేవారు, వియ్యంకుడు వేడికి తట్టుకోలేక లేచిపోతాడని. మర్నాడు నాంచారయ్యగారు ఇంకో మెట్టు పెంచేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ హుషారుగానే ఉండేది. షాపులో అన్నాళ్ళు చల్లగా పడి ఉన్నవాణ్ణి కదా. రాడ్లు ఎర్రబడేలా మండేవాణ్ణి. రోజులు గడుస్తున్నాయి, శ్రీమంతం ముహూర్తం ముంచుకొస్తోంది, వీళ్ళ మధ్య మాత్రం ఒక్క మాట లేదు.

మండలం పూర్తికావస్తుండగా ఒక సాయంత్రం నేను పూర్తి మంట మీద ఉన్నాను. నాంచారయ్యగారు ఒంటికాలి మీద నిలబడబోయి, తూలి, గోడ పట్టుకుని చతికిలబడ్డారు. ప్రసూన పరుగున వచ్చి నన్ను ఆపేసి, తలుపు బార్లా తెరిచి, ఆయన్ని మెట్ల దగ్గర బల్ల మీద పడుకోబెట్టింది. తెలివి ఉంది గాని మొహం పాలిపోయింది. మజ్జిగ తెస్తానని ఆ అమ్మాయి కిందికి పరుగెత్తింది.

పిచ్చేశ్వరరావుగారు గెలిచేశారు. ఎదుటాయన గది దాటారు, దీక్ష పోయింది. ఈయన ఇంకాసేపు ఒంటికాలి మీద అలాగే నిలబడితే చాలు. ఆయన మాత్రం నా మీట వంక చూశారు. "ఇవాళ పెంచింది నేనే" అని గొణిగారు. కాలు దించి బయటికి నడిచారు. ఆయన దీక్షా పోయింది.

బయట కుళాయి తిప్పి గ్లాసు నింపారు. "తాగండి బావగారూ" అన్నారు. నాంచారయ్యగారు ఒక గుక్క తాగి, ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"ఇవేం నీళ్ళండీ, ఇలా కాలిపోతున్నాయి!"

"కుళాయివే. ట్యాంకు మేడ మీద ఎండలో ఉంటుంది కదా."

నాంచారయ్యగారు గ్లాసులో వేలు ముంచి చూశారు.

"అయితే ఆరోజు మీరన్నది..."

"వెటకారం కాదు బావగారూ. నిజంగానే తిప్పుకోమన్నాను."

"మా ఇంట్లో నుయ్యి. మాకు ట్యాంకుల సంగతేం తెలుసు?" అని, "పోనీ, నేను మూడోరోజుకే పారిపోతానని ఎందుకన్నారు?" అని నిలదీశారు.

"నేనెప్పుడన్నాను? నా మోకాళ్ళు గుమ్మం దాకా కూడా రావని మీరే అన్నారట."

"ఎవరు చెప్పారు?"

"మైత్రి."

"నాకూ మీ అమ్మాయే చెప్పింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నాకు కనిపించలేదు, మజ్జిగతో వచ్చిన ప్రసూన మాత్రం గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంది. నాకూ సంతోషం ఆగలేదు. ఆపేసిన రాడ్లు చల్లబడటానికి ఆరోజు చాలాసేపు పట్టింది.

శ్రీమంతం బాగా జరిగిందట. ఇద్దరూ పక్కపక్కన నిలబడి అక్షింతలు వేశారట. నన్నెవరూ పిలవలేదు లెండి. డాక్టరు ఇద్దరికీ వేడి గది వద్దన్నారు. అయినా రోజూ అదే వేళకు వచ్చి, మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ లోకాభిరామాయణం చెప్పుకునేవారు. "మీ దీక్ష ఏమైంది అంకుల్?" అని ప్రసూన అడిగితే, "మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నామమ్మా" అనేవారు నాంచారయ్యగారు. మానేస్తే రేపు కలవడానికి సాకు ఏదీ? దీక్షలు ఎందుకు పడతారో నాకు ఆ మెట్ల దగ్గరే అర్థమైంది.

కార్తీకం వచ్చేసరికి జనానికి వేడి మొహం మొత్తింది. ప్రసూన ఐసు నీళ్ళ దీక్ష మొదలెట్టింది. టబ్బులొచ్చాయి, మేం మెట్ల కిందికి చేరాం. పాత సామాన్లవాడు నా తమ్ముళ్ళను ఒక్కొక్కర్నే తూకానికేశాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను కాటా మీద పెట్టబోతుంటే మెట్ల మీంచి ఒక గొంతు వినిపించింది. "ఆగవయ్యా, అది మాకు కావాలి!"

ఇప్పుడు నేను పిచ్చేశ్వరరావుగారింట్లో, బాలింత గదిలో ఉన్నాను. ధనుర్మాసం. బెజవాడలో చలి నాలుగు రోజుల ముచ్చటే గాని, పొత్తిళ్ళలోని పిల్లకు అదీ ఎక్కువే. జీవితంలో మొదటిసారి నేను నిజంగా అవసరమైన గదిలో వెలుగుతున్నాను. మీట దగ్గర తాతలిద్దరూ ఇంకా కొట్టుకుంటూనే ఉంటారు. ఒకరు పెంచుతారు, రెండోవారు తగ్గిస్తారు.

ఇవాళ పొద్దున పిల్లకు స్నానం. పిచ్చేశ్వరరావుగారు స్వయంగా నీళ్ళు కాచి, బిందె రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చారు. నాంచారయ్యగారు అందులో మోచెయ్యి ముంచి, మొహం చిట్లించారు.

"ఏం బావగారూ, మా మనవరాలికి కూడా వేణ్ణీళ్ళు పెట్టలేరా?"

పిచ్చేశ్వరరావుగారు పకపకా నవ్వి, బిందె ఎత్తుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారు. నీళ్ళు సరిగ్గానే కాగాయని నాకు తెలుసు. ఆవిరి నా రేకు మీద పట్టింది.