కుందూలో ప్రథమఫలం

ఏడాదిగా కుందూ ఏటిలో వలకు చేప పడలేదు. మళ్లీ పడే మొదటి చేపలు ప్రథమఫలంగా చర్చి విందుకే ఇస్తానని జాలరి లేవి ప్రార్థన చేశాడు. ఆదివారం పొద్దున చేపలు నోళ్లు తెరుచుకుని ఒడ్డుకొచ్చాయి. చేత్తోనే రెండు గంపలు నింపి చర్చి పొయ్యి దగ్గరికి తెచ్చాడు.

పెళ్లాం జీవమ్మ ఏటి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"పొయ్యి మీద పెట్టొద్దు! ఏట్లోకి ఫ్యాక్టరీ ఇసపు నీళ్లు వదిలినారు."

"నోర్ముయ్యే, దేవుడు నా ప్రార్థన ఇన్న్యాడు."

"శానా బాగా ఇన్న్యాడు! ఇవి తిన్న కొంగలు ఆడ సచ్చి పడుండాయి, పోయి సూడు."

లేవి చూసొచ్చి, గుంత తవ్వి చేపలన్నీ పారబోశాడు. చాలా చేపల కడుపులు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. వచ్చే ఏడాది చేపలను కూడా పూడ్చేశాడు.

చర్చిలో అందరూ పప్పన్నం తిన్నారు. ఫ్యాక్టరీ గొట్టం పారుతూనే ఉంది.