రెండంగుళాల మెత్తదనం

“రెండు కుట్లేగా, ఆదివారం ఇంట్లో కూర్చుని వేసెయ్యమ్మా,” అన్నాడు అమ్మకాల మేనేజరు, చుట్ట చుట్టిన స్పాంజి నా ఒళ్ళో పడేసి. అది చూడగానే ముట్టుకోకుండా చేతులు వెనక్కి తీసుకున్నాను. రెండంగుళాల మందం. వేలితో నొక్కితే అడుగుదాకా దిగిపోయే మెత్తటి సోఫా స్పాంజి.

మా ఫ్యాక్టరీలో ఇంజను లేని విమానాలు తయారవుతాయి. గ్లైడర్లు. వేరే విమానం తాడు కట్టి పైకి లాగి వదిలేస్తుంది, ఆ తర్వాత గాలే దిక్కు. వాటి సీట్లు పద్నాలుగేళ్ళుగా కుడుతున్నది నేనే. ఇప్పుడొచ్చిన కొత్త గ్లైడర్ గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటున్నారు. కిలోమీటరు ఎత్తులో వదిలితే అరవై కిలోమీటర్లు పోతుందట. మేనేజరుకి అది చాలలేదు. “రెక్కల్ని కళ్ళతో మెచ్చుకుంటారమ్మా, కొనమని చెప్పేది మాత్రం నడుమే. వచ్చేవాళ్ళంతా యాభై దాటినవాళ్ళు. ఎగ్జిబిషన్లో రెండు నిమిషాలు కూర్చుంటారు. ఆ రెండు నిమిషాల్లో ‘అబ్బా’ అనాలి. నీ గట్టి ఫోమ్ మీద కూర్చుని ‘అమ్మో’ అంటున్నారు.” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమనుకుంటారోనని నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ కాక్‌పిట్ నిజంగానే బాగుంటుంది. ఒళ్ళు సగం వాల్చి పడుకున్నట్టు కూర్చోవాలి. మోచేతుల కింద దిండ్లు, మెడ దగ్గర సరిపోయే వంపు, మొహానికి చల్లగాలి తగిలే చిన్న గొట్టం, కుడిపక్కన నీళ్ళ సీసాకి సంచి. ఆ సంచి నా ఆలోచనే. పైలట్లు సీసా కాళ్ళ మధ్య ఇరికించుకోవడం చూసి, మిగిలిన గుడ్డతో ఒకటి కుట్టిచ్చాను. బ్రోచర్లో దాన్ని ‘మా డిజైనర్ల ముందుచూపు’ అని రాశారు. అమ్మాయి చదివి వినిపిస్తే ముచ్చటేసింది కూడా. నేను చదివింది ఏడో తరగతి. నా పని అచ్చులో పడిందంటే చాలనుకున్నాను.

ఎగ్జిబిషన్లో మూడు రోజులు ఆ గ్లైడర్ని హాల్లో నిలబెడతారు. నాలుగో రోజు అందరూ చూస్తుండగా ఎగరేస్తారు. మధ్యలో సీటు విప్పి మార్చడానికి టైముండదట. ఎగరేసేది మా అమ్మాయి. ఇరవై రెండేళ్ళది, నలభై ఎనిమిది కిలోలు. బరువు చాలదని దాని సీటు కింద సీసం దిమ్మలు పెడతారు. సన్నటి పిల్ల అయిదు గంటలు ఎగిరి, నలగని బట్టలతో నవ్వుతూ దిగితే ఆ ఫోటో చాలంటాడు మేనేజరు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక బల్ల తుడిచి స్పాంజి పరిచాను. మా ఆయన అదే ఫ్యాక్టరీలో రెక్కల అచ్చులు పోసే మేస్త్రీ. ఆయన పని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతుంది. నా పని మాత్రం సంచిలో పడి నాతోనే ఇంటికొస్తుంది. “దిండు గలీబులు కుట్టుకునేదానికి ఉద్యోగమని పేరొకటి,” అనేది మా అత్తగారు, పోయేదాకా. అప్పుడు మా ఆయన పేపరు తిరగేస్తూ ఊరుకునేవాడు. ఆ రోజు కూడా పేపరు తిరగేస్తూనే, “సాయంత్రంలోగా అయిపోతుందా?” అన్నాడు.

“ఈ స్పాంజి వద్దండీ. మీకు తెలుసు కదా.”

“మొదలెట్టావా? ఒక్క ఫ్లైటేగా. దింపడంలో మన పిల్లని మించినవాళ్ళు గ్లైడింగ్ క్లబ్బులో లేరు.”

“మాస్టారు కూడా బాగానే దింపేవారు.”

ఆయన పేపరు మడిచాడు. “ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా లేదా?”

మాస్టారంటే లెక్కల మాస్టారు. మా అమ్మాయికి హైస్కూల్లో పాఠం చెప్పారు. క్లబ్బులో ఆయనకి సొంత గ్లైడర్ ఉండేది, పదిహేనేళ్ళప్పుడు అమ్మాయిని మొదటిసారి పైకి తీసుకెళ్ళింది ఆయనే. ఆరేళ్ళ కిందట ఓ రోజు సీటు చేత్తో పట్టుకుని నా మిషన్ దగ్గరికొచ్చారు. “అమ్మా, మూడు గంటలయ్యేసరికి నడుము పట్టేస్తోంది. మీరేమైనా కొంచెం మెత్తగా వెయ్యగలరా?” అన్నారు. ఆ వర్క్‌షాపులో నన్ను ‘మీరు’ అన్న మొదటి మనిషి. ఎవరికీ చెప్పకుండా సీటు ఇంటికి తెచ్చుకుని, పాత సోఫాలోంచి తీసిన స్పాంజి రెండంగుళాలు లోపల పెట్టి, పైకి తెలియకుండా కుట్టిచ్చాను. ఆయన కూర్చుని చూసి, “ప్రాణం లేచొచ్చిందమ్మా,” అన్నారు. ఆ మాట విని ఆ వారమంతా తేలిపోతూ తిరిగాను.

మూడు వారాలకి గాలి చాలక పొలంలో దిగారు. కాస్త గట్టిగానే తగిలింది. అలాంటి దెబ్బ తగిలినా లేచి నడిచి వచ్చినవాళ్ళున్నారు. మాస్టారికి మాత్రం రెండు వెన్నుపూసలు చితికిపోయాయి. ఇప్పుడు చేతికర్ర లేకుండా గుమ్మం దాటలేరు. విచారణలో పైలట్ పొరపాటు అని రాశారు, ఆయనే ఒప్పుకున్నారు కూడా. తర్వాత సీటు కొత్త కవరు కోసం నా దగ్గరికే వచ్చింది. విప్పుతుంటే మా ఆయన చూశాడు. “ఇది వేశావా? నేల తగిలినప్పుడు సీటు అక్కడే ఆగిపోతుంది. దీని మీద మనిషి ఇంకా కిందికే పోతాడు. స్పాంజి అణిగి అడుగు తగిలేసరికి దెబ్బ రెట్టింపవుతుంది. అందుకే కదా మనం నెమ్మదిగా లొంగే గట్టి ఫోమ్ వాడేది!” అని నాకు మొదటిసారి చెప్పింది ఆ రోజే. ఎనిమిదేళ్ళు సీట్లు కుట్టించుకున్నారు గానీ, ఏ ఫోమ్ ఎందుకో కుట్టేదానికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. ఆ వెంటనే స్పాంజి తీసుకెళ్ళి చెత్త కాల్చే చోట పడేసి వచ్చాడు. “నోరు తెరిచావంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆయనే ఒప్పుకున్నాడు, నీకెందుకు?” అన్నాడు.

అప్పటి నుంచీ నాకన్నీ భయాలే. గ్యాసు కట్టేశానా, అమ్మాయి బస్సు దిగిందా, లిఫ్టు మధ్యలో ఆగితే, మెట్ల మీద తడి ఉంటే. వర్క్‌షాపులో ‘భయాలమ్మ’ అని పేరు పెట్టారు. ఎదురుగానే అంటారు, పలుకుతాను కూడా. కానీ ఎవరికీ చెప్పని సంగతొకటుంది. నేను కుట్టిన ప్రతి సీటులోనూ ముందు మాస్టారే కూర్చుంటారు. కుట్టు పూర్తిచేసి దారం తెంపగానే, ఖాళీ సీటు మధ్యలో పల్లం పడుతుంది. నెమ్మదిగా, అడుగు దాకా. కళ్ళు నులుముకుని చూస్తే మామూలుగా ఉంటుంది. చేత్తో తడిమితే వెచ్చగా ఉంటుంది. ఇంట్లో కుర్చీల్లో కూడా అంతే. అందుకే నేను అంచు మీదే కూర్చుంటాను. “సరిగ్గా కూర్చోవే, ఎవరో తరుముతున్నట్టు!” అని విసుక్కుంటాడు మా ఆయన.

ఆ ఆదివారం కూడా కుట్టేశాను. చెప్పింది చెయ్యడం చేతులకి ఎంత అలవాటైపోయిందంటే, మనసు వద్దంటున్నా కాలు మిషన్ తొక్కుతూనే ఉంది. దారం తెంపి తలెత్తితే సీటులో పల్లం పడింది. ఈసారి చిన్న పల్లం. నలభై ఎనిమిది కిలోలంత.

సోమవారం పొద్దున సీటు బిగించారు. అమ్మాయి కాక్‌పిట్‌లోకి దిగి వెనక్కి వాలి, “అబ్బ! అమ్మా, ఇంట్లో మంచం కూడా ఇలా లేదే!” అంది. మేనేజరు ఫోన్లో వీడియో తీస్తూ, “ఆ ‘అబ్బ’ ఇంకోసారి అనమ్మా, సరిగ్గా పడలేదు,” అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డాడు. బెల్టులు బిగించే పని నాది. భుజాల మీదవి, నడుముకి వేసేది, లాగి లాగి బిగించాను. ఎందుకో దాని తొడల మీద రెండు చేతులూ పెట్టి, నా బరువంతా వేసి కిందికి నొక్కాను. అమ్మాయి దిగిపోయింది. అంత బిగించిన బెల్టు వదులైపోయి, దాని పొట్ట మీద నా పిడికిలి దూరేంత సందు వచ్చింది.

“ఈ సీటు వద్దు,” అన్నాను.

“భయాలమ్మకి మళ్ళీ వచ్చిందిరోయ్,” అన్నాడు మేనేజరు ఫోను దించకుండానే.

“అమ్మా, ప్లీజ్. నీకు లిఫ్టెక్కినా భయమే,” అంది అమ్మాయి నవ్వుతూ.

అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ నేను దాచుకున్న నిజాన్ని భయం అని పిలవనిచ్చాను. అలా పిలిస్తే నాకూ సుఖంగానే ఉండేది. భయపడే ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు. నవ్వి వదిలేస్తారు.

“ఇది భయం కాదు, నాకు తెలిసిన సంగతి. మాస్టారి సీటులో ఇదే స్పాంజి పెట్టాను. నేనే పెట్టాను. ఆయన వెన్ను విరిగింది దింపడం రాక కాదు.”

మేనేజరు ఫోను దించాడు. మా ఆయన ఒక్క అంగలో వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. “ఏంటా పిచ్చి వాగుడు? దీనికి రాత్రుళ్ళు నిద్ర లేదు సార్, ఏవేవో ఊహించుకుంటుంది.”

“చెయ్యి తియ్యండి. ఆ స్పాంజి కాల్చింది మీరు.”

ఆయన చెయ్యి దానంతట అదే జారిపోయింది. అమ్మాయి వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది. ఆయన రెక్కల వైపు చూశాడు. అమ్మాయి ఒక్కొక్క బెల్టూ విప్పుకుని, కాక్‌పిట్ అంచులు పట్టుకుని బయటికొచ్చి, నా ఎదురుగా నిలబడింది.

“మొన్న కూడా మాస్టారింటికి వెళ్ళాను,” అంది. “మళ్ళీ క్లబ్బుకి రండి, ఊరికే చూద్దురుగాని అన్నాను. ‘నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది తల్లీ’ అన్నారు. ఆయనకి తెలుసా అమ్మా?”

ఆరేళ్ళలో నాకు తోచని ఘోరం లేదు. పడిపోయేవి, కాలిపోయేవి, మునిగిపోయేవి అన్నీ ఊహించుకున్నాను. తన చేతులే తనని మోసం చేశాయనుకుంటూ ఒక మనిషి రోజూ నిద్ర లేస్తున్నాడన్న సంగతి మాత్రం ఒక్కసారీ తోచలేదు.

“తెలీదు,” అన్నాను. “చెప్పడానికి వెళ్తున్నాను.”