ఖాళీ కారులో చిన్న సంచి

నిరుపమ భయస్తురాలని హెండర్సన్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అదేదో బిరుదులా ముఖం మీదే అనేవాళ్ళు కూడా. "మా నిరుపమ తన నీడని చూసి తనే జడుసుకుంటుంది" అని పుష్పలత నలుగురిలో నవ్వించేది. నవ్వనీండి. భయపడేవాళ్ళని చూసి నవ్వడానికి ఏం కష్టం? కానీ భయం ఊరికే పుట్టదండీ. లాస్య నెలల పిల్లప్పుడు, వీధి చివర పాలూ బ్రెడ్డూ అమ్మే డైరీ కొట్టు ముందు, పిల్లని కూర్చోబెట్టిన ప్రామ్ పిడికి బియ్యం సంచి తగిలించి నిరుపమ అటు తిరిగిందో లేదో, ప్రామ్ ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి విరుచుకు పడిపోయింది. పిల్లకి దెబ్బ తగల్లేదు. తగిలింది తల్లికే. పిల్లకి ఆరేళ్ళొచ్చినా ఆ దెబ్బ మానలేదు.

అలాంటి మనిషితో ఒక సాయంత్రం మొగుడు ఉదయభాస్కర్ చల్లగా చెప్పాడు. "క్రైస్ట్‌చర్చ్ ఉద్యోగం ఖాయమైపోయింది. మన చిన్న కారుని ట్రైలర్ మీద ఎక్కించి, కొత్త బండి ఒకటి కొని దాని వెనక కట్టుకుని, మనమే లాక్కెళ్ళిపోదాం."

నిరుపమ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అతను సివిల్ ఇంజనీరు. భూకంపానికి కూలిన ఊరిని మళ్ళీ కడుతున్నారు, అక్కడ అతనికి చేతినిండా పని. సైట్ల మీద తిరగడానికి కాస్త గట్టి బండి ఎలాగూ కావాలి. చిన్న కారు నిరుపమ నేర్చుకుంటున్న కారు, దాన్ని వదిలెయ్యడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఆమెకి ఇంకా లెర్నర్ లైసెన్సే, ఒంటరిగా నడపకూడదు. రెండు బండ్లు, ఒక్క డ్రైవరు. మధ్యలో ఓడ ఎక్కి సముద్రం దాటాలి, దాటాక కైకోరా దగ్గర ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు.

"ట్రక్కువాళ్ళకి ఇచ్చి పంపించేద్దామండీ."

"మనకి చేతుల్లేవా? ఈ దేశపు కివీలు పడవలు లాక్కెళ్తారు, గుర్రాలు లాక్కెళ్తారు, ఇళ్ళకి ఇళ్ళే లాక్కెళ్తారు. మనం ఒక చిట్టి కారు లాగలేమా?"

ఇంజనీరుతో వాదించి గెలిచిన పెళ్ళాం ఉంటే నాకు చూపించండి.

ఇక శనివారాలన్నీ కార్ల యార్డుల్లోనే గడిచాయి. ఉదయభాస్కర్ ఏ బండి గురించి ఫోన్ చేసి చెప్పినా స్నేహితులు అడిగేవి రెండే ప్రశ్నలు: మైలేజీ ఎంత, పుల్లింగ్ ఎలా ఉంది. లాగుతుందా అన్నారే గానీ ఆగుతుందా అని ఒక్కడూ అడగలేదు. నిరుపమే అడిగింది, సేల్స్‌మన్ పక్కకెళ్ళాక, చిన్న గొంతుతో. "దిగుడులో వెనకాలది మనల్ని ముందుకి తోసేస్తేనో?"

"దానికీ బ్రేకులుంటాయే తల్లీ!"

ఒక యార్డులో పాతకాలపు పెద్ద ఫోర్‌వీల్ బండి కనిపించింది. ఏనుగంత ఉంది, లోపలంతా కుక్క వాసన. నిరుపమకి అదే నచ్చింది. "ఇది కొంటే దీంతోపాటు గొర్రెల మందని కూడా కొనాలి" అన్నాడతను. ఇంకోచోట చూసిన స్టేషన్ వ్యాగన్ అంత బరువు లాగలేదు. చివరికి అతని మనసు ఒక మధ్యరకం డీజిల్ బండి మీద పడింది. బూడిద రంగు, ఐదు సీట్లు, ఊళ్ళో పార్కింగ్‌కి ఇబ్బంది లేదు, హైవే మీద దమ్ముంటుంది. లెక్క వేశాడు. ట్రైలర్ బరువు, దాని మీద ఖాళీ కారు బరువు కలిపితే ఈ బండి లాగగలిగిన దానికి సరిగ్గా సరిపోయింది.

"సరిగ్గా సరిపోవడమేమిటండీ? జాకెట్టు కుట్టేవాడు కూడా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదుల్తాడు కదా" అంది నిరుపమ.

ఆ మాట అతను జనార్దన్ ఇంట్లో చెప్పి అందర్నీ నవ్వించాడు. జనార్దన్ అంటే పుష్పలత మొగుడు, మంచివాడు. అతని దగ్గరున్నదీ అచ్చం అదే బండి, వెనక ట్రైలర్ తగిలించే కొక్కెంతో సహా. "కొనేముందు నాది తీసుకెళ్ళి కట్టి చూడు ఉదయ్. నచ్చితే కొనుక్కో, లేకపోతే లేదు" అన్నాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ పూట పుష్పలత టీ కప్పులు అందిస్తూ ఒక మాట అంది. "ఎలాగూ ఖాళీ కారే కదా వెళ్ళేది? మా సీతారత్నానికి ఒక చిన్న సంచి ఇస్తాను, పట్టుకెళ్ళండి." సీతారత్నం ఆమె చెల్లెలు, క్రైస్ట్‌చర్చ్‌లోనే ఉంటుంది.

మన సంగతి మీకు తెలియనిదేముంది? ఎవడైనా ఊరెళ్తున్నాడంటే వాడి చేతికి ఒక పొట్లం తగిలించందే మనకి నిద్రపట్టదు. విమానమెక్కేవాడికే వదలం, కారు మొత్తం ఖాళీగా వెళ్తోందంటే వదులుతామా? పుష్పలత చిన్న సంచి కాస్తా వచ్చేసరికి రాతి గుండుతో ఉన్న ఇడ్లీపిండి గ్రైండర్ అయింది. జనార్దనే మోసుకొచ్చి చిన్న కారు డిక్కీలో పెట్టి నడుం పట్టుకున్నాడు. ఆ వెనకే కామేశ్వరమ్మ ఆంటీ, కొడుక్కి బియ్యం బస్తాలు. "అక్కడ మన బియ్యం దొరకవటమ్మా." ఇంకెవరివో ఇత్తడి దీపస్తంభాలు, ఆవకాయ జాడీలు, ఇంకెవరో కుర్రాడి డంబెల్స్. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: చిన్నదేనండీ. నిరుపమకి 'కుదరదు' అన్న మాట నోట్లోంచి రాదు. గొంతుదాకా వచ్చి, "అయ్యో, దాందేముందండీ" అయిపోతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. పిల్లలు వింటున్నారు కాబట్టి నేను చెప్పను. వచ్చినవన్నీ ఆమే డిక్కీలో ఒకదాని మీద ఒకటి సర్దింది. మొగుడితో చెబితే, "ఏవో చిన్న చిన్నవేగా" అని అతను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ట్రైలర్ అద్దెకి తెచ్చారు. చిన్న కారుని దానిమీదికెక్కించి, చక్రాలకి పట్టీలు బిగించి, జనార్దన్ బండికి తగిలించారు. లాస్య వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. పిల్లని పుష్పలత దగ్గర వదిలేద్దామని నిరుపమ అంటే, "ఓడ ఎక్కేరోజు కూడా వదిలేస్తావా?" అన్నాడతను. నిరుపమ పిల్ల బెల్టు ఇంకోసారి లాగి చూసింది. ఎక్కబోతూ ఒకసారి వెనక్కి చూసింది. బండి వెనక భాగం కాస్త పైకి లేచినట్టు అనిపించింది.

"ఏవండీ, వెనకాల ఎత్తుగా లేదూ?"

"నీ కళ్ళకి అన్నీ అలాగే కనిపిస్తాయి. ఎక్కు."

వీధుల్లో బాగానే నడిచింది. మోటర్‌వే మీదికి వచ్చాక కూడా బాగానే నడిచింది. ఉదయభాస్కర్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, "చూశావా పుల్లింగు? వెనకాల ఏదో ఉన్నట్టే లేదు" అన్నాడు. నిరుపమ మాత్రం తలుపు పిడి వదల్లేదు. గ్రీన్‌హైత్ వంతెన వైపు రోడ్డు దిగడం మొదలైంది. కింద నీళ్ళు కనిపించాయి. వేగం దానంతటదే పెరిగింది.

మొదట బండి తోక ఒకసారి ఎడమకి జరిగింది. ఎవరో మెల్లగా పక్కకి నెట్టినట్టు, అంతే. అతను స్టీరింగ్ సర్దాడు. తోక కుడికి జరిగింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. అద్దంలో చూస్తే వాళ్ళ చిన్న కారు ఒకసారి ఈ పక్కన, ఒకసారి ఆ పక్కన కనిపిస్తోంది. లాస్య నవ్వింది, ఉయ్యాలనుకుంది. మూడో ఊపుకి నవ్వు ఆగిపోయింది.

"మమ్, స్టాప్ ఇట్! మమ్!"

అతను బ్రేకు నొక్కాడు. అదే పొరపాటైపోయింది. వెనకాల బరువంతా ఒక్కసారి ముందుకి తన్నింది. బండి పక్కవాటుగా తిరగబోయి మళ్ళీ ఇటు తిరిగింది. పక్క లేన్లో ట్రక్కు హారన్ ఆపకుండా మోగుతోంది. రోడ్డు పక్కన ఉండాల్సిన రెయిలింగు ముందు అద్దంలోకి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నిరుపమకి పైప్రాణాలు పైనే పోయాయి. దేవుడి పేరు కూడా గుర్తురాలేదు. ఒళ్ళు ఎలా తిప్పిందో తెలీదు, చెయ్యి వెనక్కి చాపి పిల్ల మోకాలు పట్టుకుంది. పోతే ముగ్గురం పోతాం, ఈ చెయ్యి మాత్రం వదలను. బుర్రలో అదొక్కటే తిరుగుతోంది.

అంత ఇంజనీరుకీ ఆ క్షణంలో బుద్ధి పనిచెయ్యలేదు. భయంతో కాళ్ళు రెండూ పైకి లాగేసుకున్నాడు, చిన్నపిల్లాడు పాముని చూసి లాక్కున్నట్టు. బ్రేకూ లేదు, యాక్సిలరేటరూ లేదు. స్టీరింగ్‌ని మాత్రం పట్టుకుని బిగుసుకుపోయాడు. దిగుడు అయిపోయింది, వంతెన వచ్చింది, వేగం తగ్గింది, ఊపు చిన్నదైంది. వంతెన దాటి రోడ్డు ఎత్తెక్కేసరికి ట్రైలర్, ఏమీ ఎరగనట్టు, బుద్ధిగా వెనకాలే వచ్చింది. కాళ్ళు లాక్కోవడమే వాళ్ళని కాపాడింది. తెలివి కాదు, భయం.

రోడ్డు పక్కన ఆపారు. లాస్య వెక్కిళ్ళు పెడుతోంది. ఉదయభాస్కర్ చేతులు స్టీరింగ్ మీంచి రాలేదు. నిరుపమే ఒక్కొక్క వేలూ విడదీసింది.

"ఈ బండి పనికిరాదు" అన్నాడు చివరికి, ముఖం పాలిపోయి. "నువ్వన్నదే రైటు. ఆ పెద్దదే కొనేద్దాం."

ఆ మాట కోసం ఆమె ఎన్ని రోజుల్నుంచి చూసిందో! తీరా వచ్చాక సంతోషం కలగలేదు. దిగి వెనక్కి నడిచింది. పొద్దున్న చూసింది అబద్ధం కాదు. బండి వెనక భాగం పైకి లేచి ఉంది. ట్రైలర్ ముక్కు ఆకాశంకేసి, తోక నేలకేసి. ఇది తను ఎక్కడో చూసింది. ఎక్కడో కాదు, డైరీ కొట్టు ముందు. ప్రామ్ పిడికి బియ్యం సంచి.

డిక్కీ తెరిచింది. గ్రైండర్, బస్తాలు, జాడీలు, దీపస్తంభాలు, డంబెల్స్. ఊరందరి ప్రేమా కారు తోక మీద కూర్చుని ఉంది.

ఉదయభాస్కర్ వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు. "నేను లెక్క వేసింది ఖాళీ కారుకి నిరూ!"

"కారు ఖాళీగా లేదని మీకు చెప్పాను. మీరు తలెత్తలేదు." ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. "పెట్టింది మాత్రం నేనే. వద్దని ఒక్కరికీ చెప్పలేకపోయాను. నా పిల్ల వెనక సీట్లో కూర్చుంటుందని తెలిసి కూడా చెప్పలేకపోయాను."

ఇద్దరూ కలిసి ఒక్కొక్కటీ దించి ముందు బండిలోకి మార్చారు. లాస్య సీటు చుట్టూ బియ్యం బస్తాలు పేర్చారు. వంతెన వైపు మళ్ళీ పోలేదు. చిన్న రోడ్ల మీద, సైకిళ్ళు దాటిపోతుంటే దాటిపోనిస్తూ ఇల్లు చేరారు. దారిలో ట్రైలర్ ఒక్కసారి కూడా ఊగలేదు. అయినా నిరుపమ ఊపిరి పీల్చుకోలేదు.

"పెద్దదే కొందాం, ఏదైనా తట్టుకుంటుంది" అన్నాడతను మళ్ళీ, ఇంటి ముందు ఇంజను ఆపుతూ.

"ఏనుగుని కొన్నా ఇంతే. పెద్ద బండి కొన్నారని తెలిస్తే రోలూ రోకలీ కూడా పంపిస్తారు" అంది నిరుపమ. "ఊళ్ళో నడుపుకోగలిగేదే కొనండి, కానీ దీనికంటే ఒక మెట్టు బలంగా ఉన్నది. మిగిలిన ఆ రెండు వేళ్ళ గుడ్డ మాత్రం నాది. అందులో ఎవరికీ చోటు లేదు."

సరే అన్నాడు. జీవితంలో మొదటిసారి లెక్క వెయ్యకుండా సరే అన్నాడు.

మొగుడితో అనడం తేలికే. ఆ సాయంత్రమే పుష్పలత వచ్చింది, బండి తాళాలు తీసుకెళ్ళడానికి. చేతిలో మూట. "సీతకి ఈ గోంగూర పచ్చడి కూడా పెట్టవే, చిన్నదే" అంటూ లోపలికి రాబోయి గుమ్మం దగ్గరే ఆగింది. గ్రైండర్ మెట్ల పక్కన నేల మీద ఉంది.

నిరుపమకి వంతెన మీద ఎంత భయమేసిందో ఇప్పుడూ అంతే వేసింది, నవ్వకండి, నిజం. "కుదరదు పుష్పక్కా. ఇది తీసుకెళ్ళిపో. పచ్చడి కూడా."

"ఏంటే, ఒక్క గ్రైండర్‌కే బండి పడిపోతుందా?" పుష్పలత ముఖం ఎర్రబడింది. "మా బండి ఇచ్చాం మీకు, గుర్తుందా? అయినా నీ భయాలు నాకు కొత్తా!"

నోటిదాకా వచ్చింది, "అయ్యో, దాందేముంది అక్కా" అని. నిరుపమ దాన్ని మింగేసింది. "ఒక్కసారి నువ్వే ఎత్తు అక్కా. మెట్టు మీదిదాకా చాలు."

పుష్పలత రోషంగా చీరచెంగు దోపి ఒంగింది. ఇన్నాళ్ళూ దాన్ని మోసింది జనార్దనే, ఆమెకేం తెలుసు? రెండు చేతులూ వేసి లాగింది. గ్రైండర్ కదల్లేదు. మళ్ళీ లాగింది. మెడ నరాలు తేలాయి, గ్రైండర్ ఒక పక్కకి ఒరిగి, దభీమని మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆ చప్పుడుకి లోపల సోఫాలో పడుకున్న లాస్య కెవ్వుమని లేచి, ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి తల్లి నడుం చుట్టేసింది.

"మమ్, ఈజ్ ఇట్ పుషింగ్ అస్ అగైన్?"

పుష్పలత ఒంగినది ఒంగినట్టే ఉండిపోయింది. గ్రైండర్ వంక చూసింది, పిల్ల వంక చూసింది. తర్వాత మెల్లగా మెట్టు మీద కూలబడి, మూట ఒళ్ళో పెట్టుకుని, "మీ బావగారికి ఫోన్ చెయ్యవే. వచ్చి పట్టుకెళ్తారు" అంది.

నిరుపమ పిల్లని ఎత్తుకుని లోపలికెళ్ళి ఫోన్ తీసింది. తీసీ తియ్యగానే అదే మోగింది. కామేశ్వరమ్మ ఆంటీ. "అమ్మాయ్, ఇంకో చిన్న సంచి ఉంది..."

"కుదరదండీ" అంది నిరుపమ.