కిటికీలోకి నీళ్లు

ఫైరింజన్ డ్రైవరుకి ఒకటే నియమం. బండి ఆగి పంపు ఆన్ చేశాక అక్కడినుంచి కదలకూడదు, తల పగిలినా సరే. లోపలికి వెళ్లినవాడికి నీళ్లు నా చేతిమీదుగానే అందాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఒక్కసారే తప్పాను.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. కింద పరుపుల దుకాణం, పైన కాపురం. ఆరుగురు ఉండాల్సిన బండిలో ముగ్గురం ఎక్కాం: మా ఆఫీసరు, నేను, నా బావమరిది. పొగలో ఊపిరికి పెట్టుకునే సిలిండర్లు రెండుండాలి. ఒకటి రిపేరుకెళ్లి ఎనిమిది నెలలైంది, దాని ఊపిరి అక్కడే పోయినట్టుంది. వీధి మలుపులో రెండువైపులా కార్లు. అద్దాలు మడిచి, ఒకదాని తలుపు గీకేసి, ఆ మలుపు దాటేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.

దిగీ దిగగానే ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు.

"ఇప్పుడా రావడం? నిద్రపోయి వచ్చారా?"

జవాబు చెప్పేలోపు మూతిమీద గుద్దాడు. పన్ను కదిలింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకడి చేతిలో ఇప్పుడు ఫోనుంటుంది, అంతే తేడా. యాభై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి, మంటనీ నా మూతినీ కలిపి తీస్తున్నాయి.

మేడమీద వీధివైపు కిటికీలోంచి మంట ఎగదన్నుతోంది. వెనక గదిలో ఐదేళ్ల పిల్ల ఉందని పక్కింటావిడ చెప్పింది. ఉన్న ఒక్క సిలిండరూ బావమరిది తగిలించుకున్నాడు. లోపలికి ఇద్దరు వెళ్లాలన్నది రూలు. రూలుకేం, కాగితం మీద హాయిగా ఉంటుంది.

"బావా, నీళ్లు తగ్గనివ్వకు" అని గొట్టం భుజాన వేసుకుని పక్క మెట్లెక్కాడు. వాణ్ణి ఈ ఉద్యోగంలోకి లాగింది నేనే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆఫీసరు జనాన్ని వెనక్కి నెడుతుంటే ఎవడో ఇటుక విసిరాడు. హెల్మెట్ కింద చెవి పక్కన తగిలింది. ఆయన బండి చక్రం దగ్గర కూలబడిపోయాడు, రక్తం కాలర్లోకి కారుతోంది. నా వీపుమీద తన్నులు పడుతూనే ఉన్నాయి. పంపు లివరు రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడ్డాను. తిరిగి కొట్టలేదు. కొట్టాలంటే ఒక చెయ్యి వదలాలి.

అప్పుడొచ్చాడు నీలం చొక్కావాడు. చెమటలు కక్కుతూ గుంపును చీల్చుకుని వచ్చి, అవసరానికని మేం పరిచి ఉంచిన రెండో గొట్టం ఎత్తాడు. నన్ను తోసి దాని వాల్వు తిప్పేశాడు. నీళ్లు సూటిగా మేడమీది కిటికీలోకి కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

బయటినుంచి చూసేవాడికి మంట తగ్గినట్టే ఉంటుంది. కానీ కిటికీలోంచి కొట్టే నీళ్లు వేడినీ పొగనీ వెనక గదిలోకి తోస్తాయి. అక్కడ మనుషులుంటే ఆవిరికి ఉడికిపోతారు.

నీళ్ల ఒత్తిడి చూపే మీటరు ముల్లు పడిపోయింది. వాకీటాకీలో బావమరిది అరిచాడు: "బావా! కాలిపోతున్నా! ఎవడు కొడుతున్నాడు బావా!"

"ఆపరా! లోపల మావాడున్నాడు!" అని వాల్వు కట్టేశాను. నీలం చొక్కావాడు మళ్లీ తిప్పి, వాల్వు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంట కనబడట్లేదా? గుడ్డోడివా? నీళ్లు పెట్టుకుని కొట్టవేంట్రా!"

దుకాణం యజమాని అయ్యుంటాడు, పరుపుల కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. పంపు వదిలేశాను. గొట్టాలు బిగించే పెద్ద స్పానరు తీసి అతని భుజంమీద కొట్టాను. గొట్టం జారిపోయింది, వాల్వు కట్టేశాను. అక్కడితో ఆగొచ్చు. అతను ఖాళీ చేతులతో నావైపు చూస్తున్నాడు. మళ్లీ కొట్టాను, మోచేతి కింద. ఎండు పుల్ల విరిగినట్టు వినబడింది, అతను కూలబడ్డాడు. మొదటి దెబ్బ బావమరిది కోసం. రెండోది అప్పటిదాకా నేను తిన్న తన్నులన్నిటికీ. ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణంలో హాయిగా అనిపించింది.

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నేను లివరు దగ్గరికి ఉరికాను. ముల్లు మళ్లీ లేచింది. వాకీటాకీలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడకి ఏం చెప్పాలా అని ఆలోచించడం కూడా మొదలుపెట్టాను.

ఎంతసేపైందో తెలీదు, మెట్లమీద బూట్ల చప్పుడైంది. బావమరిది వచ్చాడు. కోటు ఒంటిమీద లేదు, పిల్లకి చుట్టాడు. ఆవిరికి వాడి మెడా వీపూ కమిలిపోయి, చొక్కా చర్మానికి అంటుకుపోయింది. మోకాళ్లమీద పడి పిల్లని నాకందించాడు. ఆఫీసరు రక్తం తుడుచుకుంటూ లేచి పంపు అందుకున్నాడు.

పిల్ల దగ్గింది. కళ్లు తెరిచి గుంపువైపు చూసి "నాన్నా" అంది.

నీలం చొక్కావాడు లేచాడు.

అతను ఒక చెయ్యి చాచాడు. రెండోది లేవలేదు, మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. ఒంటిచేత్తో ఎత్తుకోబోయాడు, బరువాగలేదు. పిల్ల ఆ చెయ్యి చూసి కెవ్వుమని నా మెడ కరుచుకుంది. లాగినా వదల్లేదు.

"మంట మీదే కదా కొట్టాను" అన్నాడతను, అందరినీ అడుగుతున్నట్టు. "నా పిల్ల లోపలుందనే కదా. నీళ్లే కదా కొట్టింది."

"అవునన్నా" అన్నాను.

బావమరిదిని స్ట్రెచర్ మీద బోర్లా పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు. వాడి వెనకే పిల్లని ఎత్తుకుని అంబులెన్సు దాకా నడిచాను. కోటులోంచి దాని పాదం ఒకటి బయటికి వేలాడుతోంది. వాళ్ల నాన్న బాగున్న చేత్తో ఆ పాదం పట్టుకుని, నా అడుగులో అడుగేస్తూ పక్కనే నడిచాడు.