మాస్టారి నార్మల్ సీసా

ఫిజియాలజీ ప్రాక్టికల్ నేను అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాన్పించి తన బట్టల దుకాణంలో కూర్చోబెడతానంది పెద్దమ్మ. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

ముందు ఊపిరితిత్తుల పరీక్ష. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, లోపలున్న గాలంతా గొట్టంలోకి ఊదాలి. ఊదాను. మాస్టారు పెదవి విరిచారు.

"ఇదేం ఊదడమమ్మా, పాలు చల్లార్చుకుంటున్నట్టు! ఇటివ్వు!"

గొట్టానికి కొత్త మూతి తొడిగి తానే ఊదారు. మీటరు ముల్లు చివరిదాకా పోయింది. "చూశావా? ఆరోగ్యమంటే ఇదీ!" అని సీసాడు నీళ్ళు గటగటా తాగి బాత్‌రూముకు పరుగెత్తారు. పొద్దుట్నుంచీ ఆయనది అదే వరస.

తరువాత మూత్ర పరీక్ష. మా ల్యాబులో 'నార్మల్' అని చీటీ అంటించిన సీసాలోది ఏటా మాస్టారిదే. ఆ గౌరవం ఆయన ఇంకొకరికి ఇవ్వరు. అందులోంచి నాలుగు చుక్కలు నీలం మందులో వేసి కాచాలి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది, ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది.

నా గొట్టంలోది ఇటుక రంగుకు తిరిగింది. గొట్టం కడిగి మళ్ళీ చేశాను. మళ్ళీ ఇటుకే. చుట్టూ అందరివీ నీలంగా నిగనిగలాడుతున్నాయి.

"నార్మల్ అని రాసెయ్యవే," అంది పక్క బల్ల పొడుగమ్మాయి గుసగుసగా. "ఆయనదే కదా, నీకేం పోయింది?"

పోయేది నా చదువే. అయినా ఒళ్ళు మండింది. కళ్ళెదుట ఎర్రగా ఉన్నదాన్ని నీలమని ఎలా రాయను? 'చక్కెర ఉంది' అని రాసి చూపించాను.

"చక్కెరా? నాకా?" మాస్టారి అరుపుకు గది దద్దరిల్లింది. "గొట్టం కడగడం రాదు గానీ డాక్టరవుతుందట! అందరికీ నీలం రాలేదూ?"

"మీరే చేసి చూడండి సార్."

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కొత్త గొట్టం తీసి కాచారు. ఇటుక. మందు సీసా మార్చారు. ఇటుకే. అప్పుడు వెనక్కి తిరిగి, "మరి మీకందరికీ నీలం ఎలా వచ్చింది?" అన్నారు.

పొడుగమ్మాయే నసిగింది: "మాకూ ఎర్రగానే వచ్చింది సార్. మీది కదా, మేమే తప్పు చేశామనుకుని... దాని బదులు కుళాయి నీళ్ళు పోసి కాచాం."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. నీళ్ళ సీసా అందుకోబోయి, దాన్నే చూస్తూ ఆగిపోయారు. నా కోపమంతా దిగిపోయి జాలేసింది.

"వెంటనే డాక్టరుకు చూపించుకోండి సార్," అన్నాను. ఆయనే డాక్టరన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

"అలాగేనమ్మా," అన్నారు బుద్ధిగా. తరువాత మూత్రం సీసా మీది 'నార్మల్' చీటీ గోటితో మెల్లగా ఊడదీసి నా చేతిలో పెట్టారు. "పాసయ్యావు. వచ్చే ఏటి నుంచి నార్మల్ సీసా నీది."

చీటీ తీసుకున్నాను గానీ, అంటించే ముందు నాదీ కాచి చూసుకున్నాను.