నెలాఖరు ఫారాలు

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు బటన్ నొక్కితే పలికే గొంతు నాది. పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగం. భయపడితే మనిషికి ఊపిరాడదు కాబట్టి ముందు నవ్వించేవాణ్ని. "మెకానిక్ మెట్ల దగ్గరే ఉన్నాడమ్మా, బూట్లు విప్పుతున్నాడు. కంపు భరించలేక నేనే విప్పమన్నా" అనేవాణ్ని. మెకానిక్ అప్పటికి ఇంట్లో కంచం ముందుండేవాడు. నోటితో కబుర్లు చెబుతూనే, కంప్యూటర్ తెర మీది అడ్రసును నా ఫోన్‌తో ఫొటో తీసి వాడికి పంపేవాణ్ని.

నిజానికి మెకానిక్‌కి కబురు వెళ్లాలంటే కంప్యూటర్లో ఫారం నింపి పంపాలి. ఇరవై గడులు! నా చదువుకి అది కొరుకుడు పడలేదు. నెలాఖరున పక్కసీటు అక్కయ్య అన్నీ ఒకేసారి నింపి పెట్టేది.

మా మేనకోడలు అదే కంపెనీలో ఇంజనీర్లకు హెడ్డు. నా కాల్స్ మూడు వేలు వినిపించి ఒక యంత్రానికి పని నేర్పింది.

"మామయ్యా, అచ్చం నీ వెటకారమే వచ్చింది దానికి!"

"అయితే పెళ్లి చెయ్యండి, కుదురుతుంది" అన్నాను.

ఈ ఉదయం హాల్లో అతిథుల ముందు దాన్ని మొదలుపెట్టారు. మా గదిలో ఫోన్లూ తెరలూ పీకేశారు. మేమంతా హాల్లో వెనకాల నిలబడ్డాం. మొదటి కాల్ స్పీకర్లో వినిపించింది. ఎవరో పెద్దావిడ.

"బాబూ, లిఫ్టు ఆగిపోయింది. లైటు కూడా లేదు."

"మెకానిక్ మెట్ల దగ్గరే ఉన్నాడమ్మా..." యంత్రంలోంచి నా గొంతే. బూట్ల ముక్క కూడా వదల్లేదు. హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

మేనకోడలి పక్కకు జరిగాను.

"అమ్మాయ్, మెకానిక్‌కి కబురెవరు పంపుతారు?"

"యంత్రమే. నీ ఫారాలు చూసి నేర్చుకుందిగా."

"అవి నెలాఖరున నింపినవే తల్లీ! అదీ నెలాఖరుకే పంపుతుంది!"

"వేళాకోళం ఆడకు మామయ్యా."

"ఒట్టు."

నా మొహం చూసి నమ్మింది. వేదిక మీదికి పరుగెత్తి కంపెనీ పెద్దసారు చెవిలో చెప్పింది. అడ్రసు యంత్రం లోపలే ఉంది, ఆపితేగానీ బయటికి రాదు. ఆపే తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆయన చిరునవ్వు చెదరలేదు. "అతిథులు వెళ్లాక చూద్దాం. ఆవిడ నవ్వుతోందిగా."

"సార్, ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదు!" ఈసారి మా మేనకోడలు గట్టిగానే అంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి దింపారు.

నేను వెనక నుంచి అరిచాను. "అమ్మా, మీ అడ్రసు చెప్పండి!" నా మాట లిఫ్టులోకి పోదు. నన్నెరిగిన వాళ్లంతా పగలబడి నవ్వారు. "బాబాయ్ మొదలెట్టాడ్రా!"

మెకానిక్‌కి ఫోన్ చేశాను.

స్పీకర్లో ఆవిడ గొంతు సన్నబడింది. "బాబూ, గాలి ఆడట్లేదు. వస్తున్నాడా?"

నా గొంతు ఇంకో జోకు వేసింది. ఆవిడ నవ్వలేదు. హాల్లో చప్పట్లు కొట్టారు.

"బండి తీశాను బావా" అన్నాడు చెవిలో మెకానిక్. "ఎటు పోనివ్వమంటావ్?"